పీట మీద నుంచి లేవలేకపోయాను

నిరుడు కార్తీక మాసంలో తులసికోట ముందు దీపం పెట్టి, పీట మీద నుంచి లేవబోతే కాళ్లు లేవలేదు. కోడలు పరుగున వచ్చి చెయ్యి అందించింది. నాకప్పుడు 67 ఏళ్లు. అంతకు రెండు నెలల ముందు న్యుమోనియాతో పది రోజులు మంచాన పడ్డాను. జ్వరం పోయింది, దగ్గు పోయింది, బలం మాత్రం తిరిగి రాలేదు. మొదట చూపించుకున్న చోట "వయసు కదమ్మా" అని ఒక టానిక్ రాసి పంపేశారు.

నా బరువు పదేళ్లుగా 61 కిలోలే. అదే నన్ను మోసం చేసింది. కండ కరిగిన చోట కొవ్వు చేరితే కాటా మీద ఏమీ తెలియదట! ఈ సంగతి పెద్దవయసు వాళ్లను చూసే ఒక డాక్టరమ్మ చెప్పారు.

ఆవిడ పిడికిలి బలం కొలిచే ఒక పిడి ఇచ్చి గట్టిగా నొక్కమన్నారు. 15 కిలోలు చూపించింది. ఆసియా ప్రమాణాల్లో ఆడవాళ్లకు 18 కన్నా తగ్గకూడదు. చేతులు కట్టుకుని కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోవడానికి 19 సెకన్లు పట్టింది. 12 దాటితేనే అనుమానించాలట. స్కాన్ కూడా చూశాక సార్కోపీనియా, అంటే కండ, బలం బాగా తగ్గిపోయే జబ్బు అన్నారు. ఒంట్లో ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు, మంట) ఉంటే రక్తంలో పెరిగే సీఆర్‌పీ ఇంకా ఎక్కువగానే ఉంది.

"జ్వరం తగ్గిందిగా, ఇంకా ఇన్‌ఫ్లమేషన్ ఏంటమ్మా?" అని అడిగాను. వయసు పైబడ్డాక అది పొట్టు కుంపటిలా పైకి కనపడకుండా రాజుకుంటూ ఉంటుందన్నారు. ఐఎల్-6, టీఎన్ఎఫ్ లాంటి, ఆ మంటను రాజేసే పదార్థాలు రక్తంలో ఎప్పుడూ ఎక్కువగా ఉంటే ఉన్న కండ కరుగుతుంది, కొత్తది సరిగా కట్టదు. పొట్ట కొవ్వు కూడా వాటిని వదులుతుంది. నన్ను ఆశ్చర్యపరిచింది ఇంకోటి. వ్యాయామం చేసేటప్పుడు కండ కూడా అదే ఐఎల్-6ను విడుదల చేస్తుందట. కానీ అది కాసేపే, పైగా ఆ మంటను చల్లార్చే పదార్థాలను పిలుస్తుంది.

రోజూ నడుస్తున్నానుగా అంటే, నడక మంచిదే కానీ కండకు బరువు పడాలన్నారు. వారానికి మూడు రోజులు కుర్చీలోంచి లేవడం, గోడను తోయడం, రబ్బరు బ్యాండు లాగడం. మొదటి వారం తొడలు పీకి ఏడుపొచ్చింది. కిడ్నీలు బాగున్నాయని చూశాకే తిండి మార్చారు. రోజుకు 60 నుంచి 70 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు ఇడ్లీలు, రాత్రి మజ్జిగన్నంతో అందులో సగం కూడా రాదు. పెసరట్టు, రెండు గుడ్లు, గట్టి పెరుగు, ఉడికించిన శనగలు చేరాయి.

ఉగాదికి మళ్లీ కొలిచారు. కుర్చీ పరీక్షకు 13 సెకన్లు, పిడికిలి 17. సీఆర్‌పీ తగ్గింది, అయితే అది న్యుమోనియా పూర్తిగా మానినందుకూ కావచ్చన్నారు. ఇప్పుడు తులసికోట దగ్గర గోడకు ఒక చెయ్యి ఆనించి నేనే లేస్తున్నాను.