టర్బో మార్చమన్నారు, చిరిగింది రబ్బరు పైపు

మాది డీజిల్ పికప్, నాలుగు తలుపులది, ఫోర్ వీల్ డ్రైవ్. కొన్నప్పటి నుంచి ఒక్క సర్వీసు కూడా తప్పించలేదు. అలాంటిది ఒకరోజు వెనక నిండా లోడుతో ఎత్తు ఎక్కుతుంటే సగం దారిలో బండి లాగడం మానేసింది. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినా స్పీడు పెరగట్లేదు, మీటర్‌లో ఇంజిన్ లైటు వెలిగింది. పక్కన ఆపి, ఇంజిన్ ఆపేసి మళ్ళీ స్టార్ట్ చేస్తే ఏమీ జరగనట్టే కదిలింది. మర్నాడు ఖాళీ బండితో అదే దారిలో వెళ్తే ఏ ఇబ్బందీ లేదు. లోడు వేయగానే మళ్ళీ అదే తంతు.

వర్క్‌షాప్‌లో స్కానర్ పెడితే పి0299 అనే కోడ్ వచ్చింది. "టర్బో వీక్ అయిపోయింది సార్, మార్చేయడమే" అన్నారు. ఇంజిన్‌లోకి గాలిని ఒత్తిడితో నెట్టేది టర్బో, బండిలో బాగా ఖరీదైన సామాన్లలో అదొకటి. రెండు రోజులు టైమ్ అడిగి బండి ఇంటికి తెచ్చుకున్నాను కానీ ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు. లేచి కూర్చుని ఆ కోడ్ గురించి చదవడం మొదలుపెట్టాను.

పి0299 చెప్పేది చాలా చిన్న విషయం. కంప్యూటర్ అడిగినంత గాలి ఒత్తిడి ఇంజిన్‌కు అందలేదు, అంతే. ఎందుకు అందలేదో దానికి తెలియదు. గాలి ఫిల్టర్ దాటి టర్బోలోకి వెళ్ళి, అక్కడ ఒత్తిడి పెరిగి వేడెక్కి, ఇంటర్‌కూలర్‌లో చల్లబడి, పైపుల గుండా ఇంజిన్‌లోకి చేరుతుంది. ఈ దారిలో ఎక్కడ అడ్డుపడినా, ఎక్కడ లీకైనా, ఒత్తిడి కొలిచే సెన్సార్ తప్పు చెప్పినా, టర్బోలోని రెక్కలను కదిలించే యాక్చువేటర్ బిగుసుకుపోయినా ఇదే కోడ్ వస్తుంది. ఇన్ని కారణాలుంటే అన్నిటికన్నా ఖరీదైనదాన్ని ముందు మార్చడమేమిటి అనిపించింది.

డాష్‌బోర్డు కింద ఉండే 16 పిన్నుల సాకెట్‌లో పెట్టే చిన్న స్కానర్ ఒకటి తెచ్చుకున్నాను, ఫోన్‌కు కనెక్ట్ అవుతుంది. ఇక్కడ ఒక మాట చెప్పాలి: చాలామంది లైటు వెలగగానే ముందు కోడ్ చెరిపేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. కోడ్ పడిన క్షణంలో ఇంజిన్ ఎలా ఉందో కంప్యూటర్ ఒక ఫోటోలా దాచుకుంటుంది, దాన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు, కోడ్ చెరిపితే అదీ పోతుంది. నా దాంట్లో ఆర్‌పీఎం 2,250, లోడ్ 90 శాతం పైన, కూలెంట్ 88 డిగ్రీలు అని ఉంది. అంటే ఇంజిన్ బాగా వేడెక్కి, బరువు లాగుతున్నప్పుడే గాలి చాలట్లేదు. ఇంటి ముందు నిలబెట్టి ఎంత రేజ్ చేసినా దొరకనిది అందుకే.

మొదట సెన్సార్ సంగతి తేల్చుకున్నాను. కీ ఆన్ చేసి, ఇంజిన్ స్టార్ట్ చేయకుండా చూస్తే లోపలి గాలి ఒత్తిడి కొలిచే మ్యాప్ సెన్సార్, బయటి గాలి ఒత్తిడి చూపే సెన్సార్ రెండూ ఒకే అంకె చూపించాలి. రెండూ 99 కిలోపాస్కల్ చూపించాయి. అయినా మ్యాప్ సెన్సార్ విప్పి చూస్తే మసి, నూనె కలిసి జిగురులా పట్టుకుని ఉంది, సెన్సార్ క్లీనర్‌తో కడిగి పెట్టాను. ఆ తర్వాత లోడు వేసుకుని మా తమ్ముణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని అదే ఎత్తు దగ్గరకు వెళ్ళాను. డ్రైవ్ చేస్తూ మనమే ఫోన్ చూడటం ప్రమాదం, ఈ పనికి రెండో మనిషి ఉండాల్సిందే. వాడు చూస్తూ చెప్పాడు: "అన్నయ్యా, 220 కిలోపాస్కల్ అడుగుతోంది, 150 దగ్గరే ఆగిపోతోంది." అప్పుడే అద్దాలు దించి విన్నాను. ఇంజిన్ మోతలో కలిసిపోయి పాము బుసకొట్టినట్టు సన్నటి శబ్దం, యాక్సిలరేటర్ వదిలితే ఆగిపోతోంది.

ఇంటికొచ్చి ఇంజిన్ చల్లారాక వెతకడం మొదలుపెట్టాను. టర్బో ముందరి పైపు విప్పి షాఫ్ట్‌ను వేలితో కదిపి చూస్తే పక్కలకు కొద్దిగా ఆడుతోంది, అది మామూలే. ముందుకీ వెనక్కీ మాత్రం కదలకూడదు, కదల్లేదు. యాక్చువేటర్ కడ్డీ స్టార్ట్ చేసినప్పుడు లోపలికి, ఆపినప్పుడు బయటికి చక్కగా కదులుతోంది. పైపుల మీద సబ్బు నీళ్ళు కొట్టి ఇంజిన్ ఐడిల్‌లో ఉంచి చూశాను, ఒక్క బుడగ లేదు. ఐడిల్‌లో పైపుల్లో ఒత్తిడే ఉండదు కదా, ఎలా వస్తుంది! అందుకని ఫిల్టర్ వైపు పైపును టైరు వాల్వు బిగించిన మూతతో మూసి, పంపుతో మెల్లగా 10 పీఎస్ఐ దాకా గాలి పట్టించాను. ఇంతకన్నా ఎక్కువ పెట్టొద్దు, సీళ్ళు దెబ్బతింటాయి, మూత ఎగిరి తగలొచ్చు కూడా. ఇంటర్‌కూలర్ నుంచి పైకి వెళ్ళే రబ్బరు పైపు వంపు కింది భాగంలో, కంటికి కనిపించని చోట, సబ్బు నురగ పొంగింది. చేత్తో తడిమితే వేలు పట్టేంత చీలిక. ఒత్తిడి లేనప్పుడు మూసుకుని ఉంటుంది, లోడు పడితే నోరు తెరుస్తుంది. రెండు నెలల కిందట బండి కడుగుతూ అక్కడ నూనె తడి, దాని మీద అంటుకున్న దుమ్ము చూసి శుభ్రంగా తుడిచేశాను. చీలిక మొదలైంది అప్పుడే అయ్యుంటుంది.

పైపు, రెండు క్లాంపులు కొత్తవి వేశాను. మళ్ళీ అదే ఎత్తు, అదే లోడు: అడిగింది 220, వచ్చింది 216. ఆ అంకె విన్నప్పుడు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

కానీ పదిరోజులకే మళ్ళీ పవర్ తగ్గింది. ఈసారి పి2463, సైలెన్సర్ లైన్లో ఉండే డీపీఎఫ్‌లో, అంటే పొగలోని మసిని పట్టే ఫిల్టర్‌లో, మసి నిండిపోయిందని. మొదట రెండూ వేరువేరు జబ్బులనుకున్నాను. తర్వాత తెలిసింది, రెండోది మొదటిదాని బిడ్డే. వచ్చే గాలిని మాఫ్ సెన్సార్ ఫిల్టర్ దగ్గరే కొలుస్తుంది, ఆ గాలిలో కొంత చీలికలోంచి పోతోందని కంప్యూటర్‌కు తెలియదు. ఉన్నదనుకున్న గాలికి సరిపడా డీజిల్ పోస్తుంది, అది సరిగ్గా కాలక మసి అవుతుంది. పాత బండి అయితే నల్లపొగ కక్కేది, వెనక వచ్చేవాళ్ళే చెప్పేవాళ్ళు. ఇప్పటి బండిలో ఆ మసినంతా డీపీఎఫ్ పట్టుకుని దాచేస్తుంది, మనకు పొగే కనపడదు.

డీపీఎఫ్ తనను తాను శుభ్రం చేసుకోవాలంటే 600 డిగ్రీల దాకా వేడెక్కి మసిని కాల్చుకోవాలి. ఐడిల్ కాస్త పెరగడం, ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరుగుతుండటం, కాలిన వాసన, ఇవి ఆ పని జరుగుతున్న గుర్తులు. నేను ఆ గుర్తులు తెలియక, చిన్న చిన్న దూరాలకు తిప్పుతూ చాలాసార్లు మధ్యలోనే ఇంజిన్ ఆపేశాను. ఆ వేడి కోసం సిలిండర్లలోకి ఆలస్యంగా పోసిన డీజిల్ కొంత గోడల వెంట జారి ఆయిల్‌లో కలిసింది. డిప్‌స్టిక్ తీస్తే మాక్స్ గీత పైకి ఉంది, డీజిల్ వాసన. ఆయిల్ తగ్గితే భయపడాలని అందరికీ తెలుసు, పెరిగినా అంతే భయపడాలి, పలుచబడిన ఆయిల్ బేరింగులను కాపాడలేదు. వర్క్‌షాప్‌లో స్కానర్‌తో మసి కాల్పించి, ఆయిల్, ఫిల్టర్ మార్పించాను, మాన్యువల్‌లో రాసిన తక్కువ బూడిద రకం ఆయిలే పోయించాను. మసి కాలిపోతుంది కానీ ఆయిల్ నుంచి వచ్చే బూడిద కాలదు, డీపీఎఫ్‌లోనే పేరుకుంటుంది. టర్బో మార్చమన్న ఆ మెకానిక్‌కే చిరిగిన పైపు చూపించాను. చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, ఉంచుకుంటానని అడిగి తీసుకున్నాడు.

అప్పటి నుంచి సీటు కింద ఒక నోట్‌బుక్ పెట్టుకున్నాను. డీజిల్ ఫిల్టర్‌లో నీళ్ళు ఎప్పుడు తీశాను, ప్రొపెల్లర్ షాఫ్ట్ జాయింట్లకు గ్రీజు ఎప్పుడు కొట్టాను, రాత్రంతా ఆగిన బ్యాటరీ పొద్దున ఎన్ని వోల్టులు చూపింది (12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 కన్నా తగ్గుతుంటే చార్జింగ్ ఎందుకు నిండట్లేదో చూడాలి) అన్నీ అందులో ఉంటాయి.

పోయిన ఆదివారం బానెట్ ఎత్తితే కొత్త పైపు క్లాంపు దగ్గర సన్నగా నూనె తడి కనిపించింది. కొంచెం నూనె ఆవిరి ఆ పైపుల్లో ఉండటం సహజమే, అది బయటికి రావడమే చూడాల్సిన విషయం. ఫోటో తీసి, తుడిచి, క్లాంపు బిగించి, తడి ఉన్నంత మేర సుద్దముక్కతో గీత గీశాను. మీటర్ రీడింగ్ నోట్‌బుక్‌లో రాశాను. వచ్చేవారం లోడు ట్రిప్పు ఉంది, తిరిగొచ్చాక గీత దాటిందో లేదో చూడాలి.