హరిణ వనస్థలి లాగ్: కొమ్ముల మీది వలయాలు మళ్ళీ కరిగిపోయాయి

హైదరాబాద్ హరిణ వనస్థలి పార్కులో ఈ ఆదివారం కూడా చేతికి దక్కింది సున్నా. నల్లటి మగ కృష్ణజింక, గడ్డి మధ్యలో పక్కకి తిరిగి, తల ఎత్తి, కదలకుండా నిలబడింది. ఇంతకంటే ఏం కావాలి? కెమెరా తెర మీద చూస్తే బ్రహ్మాండం. ఇంటికొచ్చి సిస్టంలో 100 శాతానికి పెంచితే కొమ్ముల మీది వలయాలు ఒకదాంట్లోకి ఒకటి కారిపోయి, వేడికి మెత్తబడ్డ కొవ్వొత్తిలా ఉన్నాయి. ఫోకస్ తప్పలేదు. చెయ్యీ వణకలేదు. అందుకే ఒళ్ళు మండుతోంది.

లెక్కలు రాసి పెడుతున్నా. బాడీ నికాన్ డీ7500, లెన్స్ నికాన్ 200-500 ఎంఎం జూమ్. 2.3 కిలోల బరువు మోయాలి కానీ, 500 దగ్గర కూడా వెలుతురు వచ్చే రంధ్రం ఎఫ్/5.6 దగ్గరే నిలుస్తుంది కాబట్టి నా ఓటు దీనికే. షట్టర్ 1/2000 సెకను. దూరం రేంజ్‌ఫైండర్‌లో 120 మీటర్లు. ఈ సెన్సర్‌లో ఒక పిక్సెల్ 4.2 మైక్రాన్లు. అంటే 500 ఎంఎం దగ్గర, 120 మీటర్ల దూరంలో, ఒక్కో పిక్సెల్‌కి జింక ఒంటి మీద దాదాపు ఒక మిల్లీమీటరు వస్తుంది. కొమ్ము అంచు ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ ఆరేడు పిక్సెళ్ళు జరుగుతోంది. ఆరేడు మిల్లీమీటర్ల ఊగిసలాటలో వలయాల గాడులు ఎక్కడ మిగులుతాయి?

అసలు క్లూ వేరే ఉంది. బర్స్ట్‌లో (ఒకే నొక్కుడుకి వరసగా) తీసిన ఫ్రేములన్నీ ఒకదాని మీద ఒకటి పేర్చి చూశా. కొమ్ము కొస కుడికి జరిగిన ఫ్రేములోనే చెవి ఎడమకి జరిగింది. చెయ్యి వణికినా, వీఆర్ (లెన్స్‌లో వణుకు తగ్గించే ఏర్పాటు) తేడా చేసినా బొమ్మ మొత్తం ఒకే వైపుకి జరగాలి కదా. ముక్కలు ముక్కలుగా వంకర పోతోందంటే మధ్యలో గాలే ఆడుకుంటోంది. ఎండమావి వ్యవహారం, అదీ ఎండ ముదరక ముందే. అదే రోజు 15 మీటర్లలో పాలపిట్ట దొరికింది. ఈకలు లెక్కపెట్టుకోవచ్చు. దాని గురించి అంతే.

గాలి సరే, ఏ గాలి? మొదటి అనుమానం నేల మీద. ఎండిన గడ్డి, మధ్యమధ్యలో బోడి ఎర్రమట్టి. ఎండ తగలగానే నేలని ఆనుకున్న గాలి వేడెక్కి పైకి లేస్తుంది, చల్లగాలి కిందికి దిగుతుంది, కాంతి దారి పొడవునా వంగుతూ వస్తుంది. ఈ గందరగోళం అడుగు, రెండడుగుల ఎత్తులోనే ఎక్కువ. నేను దారి అంచున మోకాళ్ళ మీద కూర్చుని, లెన్స్‌ని నేలకి 60 సెంటీమీటర్ల ఎత్తులో పెట్టి తీశా. "జంతువు కంటి ఎత్తులోనే తియ్యాలి" అని అందరూ చెప్పే సలహా ఉందే, బోడి మైదానంలో ఎండ పొడ తగిలాక అది పనికిరాదు. సఫారీ బండిలోంచి, రెండు మీటర్ల పైన పెట్టి తీస్తే ఊగడం మూడు, నాలుగు పిక్సెళ్ళకి తగ్గింది. నేపథ్యం మాత్రం చప్పగా వచ్చింది. ఆ బాధ వేరు.

రెండోది బండి ఇంజన్. బానెట్ మీదుగా తీసిన ఫ్రేములు వెనక కిటికీలోంచి తీసిన వాటికంటే అధ్వానం. డ్రైవరన్నని బతిమాలి ఇంజన్ ఆపించినా, బానెట్ చల్లారేదాకా ఆగదుగా జింక. మూడోది ఏసీ కారు. చల్లబడ్డ లెన్స్‌ని వెచ్చటి గాలిలోకి తీస్తే హుడ్ (లెన్స్ ముందు తగిలించే గొట్టం) లోపలే ఓ చిన్న అలజడి పుడుతుంది. హుడ్ తీసి చూస్తే కాస్త మెరుగనిపించింది, కానీ అంతలో సన్నటి మబ్బు కూడా పట్టింది. ఘనత దేనికివ్వాలో తేలలేదు.

ఏఐ షార్పెనింగ్ వాడమని ఓ మిత్రుడి సలహా. వాడి చూశా. కొమ్ముకి లేని వలయాలు గీసి పెట్టింది. అంతకంటే మసక బొమ్మే నయం.

ఇన్ని తిప్పలు పడుతూ ఇక్కడికే ఎందుకంటే, ఇలాంటి పరీక్షలకి దీన్ని మించిన చోటు నాకు కనబడలేదు. నగరంలో మూడు జాతీయ పార్కులుంటే జనమంతా కేబీఆర్‌కే పోతారు. ఒకప్పటి నిజాం వేట స్థలం, మహావీరుడి 2500వ నిర్వాణ సంవత్సరం సందర్భంగా 1975లో మహావీర్ హరిణ వనస్థలి అని పేరు పెట్టుకున్న ఈ 14.59 చదరపు కిలోమీటర్లు మాత్రం విజయవాడ హైవే పక్కనే ఉన్నా ఎవరికీ పట్టవు. బస్సుల హారన్లు వినిపిస్తుంటే కృష్ణజింకని చూడొచ్చు. పైగా తన జాగా కాసుకునే మగజింక పెంటికలు ఒకేచోట కుప్పగా వేస్తుంది, అక్కడికే మళ్ళీ మళ్ళీ వస్తుంది. ఆ కుప్ప కనిపెట్టామంటే అదే జింక, అదే దూరం, అదే వెలుతురు. ఒక్కో సెట్టింగే మార్చి పోల్చుకోవచ్చు.

వచ్చేసారి కారు వద్దు, బైకే. లెన్స్ బ్యాగ్ జిప్పు తెరిచి, బయటి గాలికి అరగంట అలవాటు చేస్తా. దూరం 60 మీటర్లు దాటితే షట్టర్ నొక్కను. తప్పనిసరైతే ముప్ఫై ఫ్రేముల బర్స్ట్ కొట్టి, గాలి ఒక్క క్షణం కుదురుకున్న ఫ్రేము కోసం వెతుక్కుంటా. వానలు పడ్డాక నేల తడి, పచ్చ గడ్డి, మబ్బు, మగజింకల పోట్లాటలు అన్నీ కలిసొస్తాయి. అందాకా చిలుకూరు మృగవనిలో చెట్ల నీడన చుక్కల దుప్పులతో సరిపెట్టుకోవాలి. నారాయణపేట జిల్లాలో కృష్ణా, మాగనూరు వైపు పొలాల్లోకి కృష్ణజింకలు దిగుతాయిగా, అక్కడ నల్లరేగడి నేల. మన ఎర్రమట్టి కంటే గాలిని ఎక్కువ ఆడిస్తుందేమోనని అనుమానం. ఆ పొలాల్లో వంద మీటర్ల పైన తీసినవాళ్ళుంటే ఒరిజినల్ ఫైల్ పంపండి, టైము, లెన్స్ ఎత్తు కూడా రాయండి.