శుక్రవారం ప్రేగర్ ఎంతసేపు నిలబడతాడు?

శనివారం తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టాను. రెండేళ్లకోసారి వచ్చే ఠాకురాణి యాత్ర నెల ఇది. ఈ నెలంతా బరంపురానికి నిద్ర ఉండదు. పులి వేషాలు, డప్పులు, తోసుకుంటూ నడిచే జనం. వేషగాళ్లు ఇళ్లకు చేరి మా వీధి సద్దుమణిగే వేళకు అమెరికాలోని టెక్సస్‌లో శుక్రవారం సాయంత్రం అవుతుంది. నేను కొట్టుగదిలో దీపం వేసుకుని, ఫోనును ఆవపిండి డబ్బాకు ఆనించి, బేస్‌బాల్ ఆట రేడియో వ్యాఖ్యానం పెట్టుకుని, ఒళ్లో చిట్టా పుస్తకం తెరుచుకుని కూర్చుంటాను. ఫిబ్రవరి నడుమ నుంచి మా ఇంట్లో ఇదే వరస. మావారు లేచి చూసి, టీ పెట్టి ఇచ్చి మళ్లీ పడుకుంటారు.

ఈ వారం ఆట మామూలు ఆట కాదు. 2025 ఏప్రిల్ 25, 26, 27 తేదీల్లో మా టెక్సస్ ఏ అండ్ ఎం విశ్వవిద్యాలయం జట్టు ఆస్టిన్ వెళ్లి టెక్సస్ విశ్వవిద్యాలయం జట్టుతో వరుసగా మూడు బేస్‌బాల్ ఆటలు ఆడబోతోంది. శుక్రవారం మా తరఫున బంతి వేసే ప్రేగర్ మీదే నా లెక్కంతా. మా చిన్నవాడు 2023 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి అక్కడికి వెళ్లాడు కనుక అది మా జట్టు అయింది. ఏ అండ్ ఎం ఉన్న ఊరి పేరు కాలేజ్ స్టేషన్. అక్కడి నుంచి ఆస్టిన్ సుమారు 170 కిలోమీటర్లు, అంటే మా బరంపురం నుంచి భువనేశ్వర్ వెళ్లినంత దూరం. అంత దగ్గర ఊళ్ల మధ్య ఎంత పట్టుదల ఉంటుందో సరిహద్దు జిల్లాలో పుట్టిన నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఈ రెండు జట్లు ఒకప్పుడు ఒకే కాన్ఫరెన్స్‌లో, అంటే తమలో తాము పోటీ పడే విశ్వవిద్యాలయాల కూటమిలో ఉండేవి. 2012లో ఏ అండ్ ఎం అక్కడి నుంచి విడిపోయి ఎస్‌ఈసీ అనే కాన్ఫరెన్స్‌లో చేరింది. టెక్సస్ కూడా 2024 జులైలో అదే కాన్ఫరెన్స్‌కు వచ్చింది. ఈ మధ్య కాలంలో ఇద్దరూ ఆడుకోకపోలేదు కానీ, పాయింట్ల పట్టికలో లెక్కకు వచ్చే మూడు రోజుల కాన్ఫరెన్స్ సిరీస్ 2012 తర్వాత ఇదే మొదటిది. మా చిన్నవాడు ఈ చేరికలూ విడిపోవడాలూ చెబుతుంటే నాకు చప్పున అర్థమైంది. మా తాతగారు మద్రాసు ప్రెసిడెన్సీలో పుట్టారు. 1936 ఏప్రిల్ 1న, ఇల్లు కదలకుండానే, ఒడిశావాసి అయ్యారు. ఆ రోజు కూడా ఆయన మామూలుగా కొట్టు తెరిచి, మామూలుగా తెలుగులోనే లెక్కలు రాసుకున్నారని మా నాన్న చెప్పేవారు.

నాకు ఈ ఆట పట్టుబడింది 2024 వసంతంలో. మా చిన్నవాడు స్టేడియం నుంచి ఫోన్ చేశాడు. వెనుక వేలమంది ఒక్క గొంతుతో ఏవో అంకెలు అరుస్తున్నారు. "ఏమిటి నాన్నా ఆ గోల?" అన్నాను. "అమ్మా, అవతలి జట్టులో బంతి వేసే పిచర్ గతి తప్పాడు. నాలుగు చెడ్డ బంతులు వేస్తే బ్యాటరు నడుచుకుంటూ మొదటి బేస్‌కు, అంటే పరుగులో మొదటి మజిలీకి పోతాడు. మావాళ్లు అక్కడితో లెక్క ఆపరు. తర్వాత బ్యాటరుకు వేసే చెడ్డ బంతిని అయిదు, ఆ తర్వాతది ఆరు అని అరుస్తూనే ఉంటారు, వాడు ఒక మంచి బంతి వేసేదాకా." ఆ పిచర్ కూడా ఎవరో ఒక తల్లి కన్న బిడ్డే కదా అని ఆ రాత్రంతా మనసు పీకింది. మర్నాడు మళ్లీ ఆట ఉందేమోనని నేనే అడిగాను.

చూడడం కన్నా రాయడం వల్ల నాకు ఆట తెలిసింది. ఇందులో మైదానంలో నిలబడే తొమ్మిది మందికీ అంకెలు ఉంటాయి. బంతి వేసే పిచర్ 1, వెనుక కూర్చుని పట్టే క్యాచర్ 2, మూడు బేస్‌ల దగ్గర ఉండేవాళ్లు 3, 4, 5, రెండో బేస్‌కూ మూడో బేస్‌కూ నడుమ నిలబడే షార్ట్‌స్టాప్ 6, దూరాన ఎడమ నుంచి కుడికి 7, 8, 9. బంతి నేల మీద దొర్లి షార్ట్‌స్టాప్‌కు పోయి, అతను రెండో బేస్‌కు విసిరి, అక్కడి నుంచి మొదటి బేస్‌కు చేరి ఇద్దరు అవుటైతే పుస్తకంలో 6-4-3 అని రాస్తే చాలు. వారం తర్వాత ఆ మూడు అంకెలు చూసినా ఆ పరుగూ ఆ విసురూ నా కళ్ల ముందుకు వస్తాయి.

మంచి బంతిని వదిలేసినా, బ్యాటు ఊపి తప్పినా ఒక స్ట్రైకు. మూడు స్ట్రైకులకు అవుటైతే వాళ్లు ఇంగ్లీషు 'కే' అక్షరం రాస్తారు. బ్యాటు ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే ఆ అక్షరాన్నే తిరగేసి రాస్తారు. నేను నా వీలుకొద్దీ మార్చుకున్నాను. ఊపి అవుటైతే 'ఊ', చూస్తూ అవుటైతే 'చూ', నడిచి బేస్‌కు పోతే 'న'. మా అమ్మ పచ్చళ్ల కొట్టు లెక్కలు రాసిన పుస్తకాల్లాంటిదే ఇదీ, ఎర్ర గుడ్డ అట్ట, పొడుగు కాగితాలు. అప్పడాలు చేసే మౌసీ పొద్దున్నే వచ్చి ఆ పేజీ వైపు చూసి, గెలిచారా అని ఒడియాలో అడుగుతుంది. 'చూ'లు ఎక్కువ కనిపిస్తే అడగకుండానే పీట వేసుకుంటుంది.

పోయిన ఏడాది సంగతి చెప్పకుండా ఈ సిరీస్ గురించి మాట్లాడడం కుదరదు. 2024 జూన్‌లో ఏ అండ్ ఎం జాతీయ ఫైనల్‌కు చేరింది, తన చరిత్రలో మొదటిసారి. ఫైనల్ జరిగే ఒమాహా ఊళ్లో టెనెసీ జట్టుతో మూడు ఆటల పోరు. మొదటిది మేము గెలిచాం, రెండోది పోయింది, మూడోది 6-5తో చేజారింది. ఒక్క పరుగు. ఆ మర్నాడే మా కోచ్ జిమ్ ష్లాస్‌నేగల్ ఏ అండ్ ఎంను వదిలి టెక్సస్‌కు వెళ్లిపోయారు, వేరే జట్టుకు కాదు, సరిగ్గా ఆ జట్టుకే. మా చిన్నవాడు ఆ రోజు అన్నం తినలేదు. పని మారడం ఎవరి హక్కు వారిదే, దాన్ని నేను తప్పు పట్టను. కానీ ఓడిన పిల్లల కళ్లు ఆరకముందే జరిగింది, అది నాకు ఇప్పటికీ బాధే. అప్పటిదాకా బ్యాటింగ్ కోచ్‌గా ఉన్న మైకేల్ ఎర్లీని ప్రధాన కోచ్‌ను చేశారు. శుక్రవారం ఆస్టిన్ మైదానంలో ఆ ఇద్దరూ ఎదురెదురు డగౌట్లలో, అంటే జట్లు కూర్చునే చోట్లలో ఉంటారు.

ఈ సీజన్ మొదలు కాకముందు ఏ అండ్ ఎంకు దేశంలో 1వ ర్యాంకు ఇచ్చారు. మార్చి వెళ్లేలోగా జట్టు ర్యాంకుల పట్టికలోంచే జారిపోయింది. పోయిన ఏడాది మొదటి సంవత్సరం కుర్రవాడిగా 23 హోమ్ రన్లు (బంతిని కంచె దాటించే దెబ్బలు) కొట్టిన గావిన్ గ్రాహోవాక్ భుజం గాయంతో సీజన్‌కే దూరమయ్యాడు. అతను లేని లోటు పుస్తకంలో తెలుస్తుంది. ఇద్దరు బేస్‌ల మీద ఉండగానే మూడో అవుటు పడి, పరుగు రాకుండా ఇన్నింగ్స్ ముగిసిన గళ్లు ఈసారి నా పేజీల్లో చాలా ఉన్నాయి. అటు టెక్సస్ ఎస్‌ఈసీలో అడుగుపెట్టిన మొదటి ఏడాదే పట్టికలో అందరి కన్నా పైన కూర్చుంది. ఆరు జాతీయ టైటిళ్లు ఉన్న జట్టు అది. మాకు ఒక్కటీ లేదు.

అయినా ఒక దారి ఉంది. అది శుక్రవారం రాత్రే తేలిపోతుంది.

క్రికెట్ చూసేవాళ్లకు ఇలా చెబితే తెలుస్తుంది. వన్డేలో పది ఓవర్లు వేసిన బౌలరు రెండు రోజులు ఆగి మళ్లీ వేస్తాడు. ఇక్కడ కాలేజీ పిచర్ ఒక ఆటలో తొంభై, వంద బంతులు వేస్తే మళ్లీ వారం తర్వాతే మొదలుపెడతాడు. అందుకని శుక్రవారానికి ఒకరు, శనివారానికి ఒకరు, ఆదివారానికి ఒకరు. ఎక్కువ జట్లు తమ మేటి పిచర్‌ను శుక్రవారానికి పెట్టుకుంటాయి. ఆటకు తొమ్మిది ఇన్నింగ్స్, ఒక్కో ఇన్నింగ్స్‌లో మూడు అవుట్లు, అంటే ఒక ఆట గెలవడానికి 27 మందిని అవుట్ చేయాలి. మూడు ఆటలకు 81. మొదలుపెట్టిన పిచర్ ఏడు ఇన్నింగ్స్ నిలబడితే 21 అవుట్లు అతనివే, మిగతా ఆరింటికి ఒకరో ఇద్దరో చాలు. నాలుగు ఇన్నింగ్స్‌కే అలసిపోతే 15 అవుట్లకు మిగతా పిచర్లందరినీ పిలవాలి. వాళ్లలో శనివారానికి కొందరి చేతులు బిగుస్తాయి. ఆదివారం మధ్యాహ్నానికి కోచ్ చుట్టూ చూస్తే ఎవరూ మిగలరు. ఈ సీజన్‌లో మేము ఓడిన ఆదివారాల్లో చాలావరకు శుక్రవారాలే ఓడించాయని నా పుస్తకం చెబుతోంది.

శుక్రవారం రయన్ ప్రేగర్ వేస్తాడని నా అంచనా. ఎడమచేతి వాటం. మోచేతి శస్త్రచికిత్స వల్ల 2023 సీజన్ మొత్తం పోగొట్టుకున్నాడు. 2024లో తిరిగి వచ్చి జట్టును ఒమాహా దాకా నడిపించాడు. పోయిన ఏడాది వృత్తి క్రీడాకారుల ఎంపికలో లాస్ ఏంజెలెస్ ఏంజెల్స్ జట్టు మూడో రౌండులో తీసుకున్నా, ఆ ఒప్పందం మీద సంతకం చేయకుండా మరో ఏడాది కాలేజీకి ఆడడానికి వచ్చాడు. డబ్బు వద్దనుకుని వచ్చిన పిల్లవాడంటే నాకు ఎంత మక్కువో చెప్పలేను.

మొదటి బేస్ మీద మనిషి ఉన్నప్పుడు ఎడమచేతి పిచర్‌ను ఒకసారి దగ్గరగా చూడండి. మా చిన్నవాడు పంపిన చిన్న వీడియోలను ఆపి ఆపి చూసి నేను నేర్చుకున్నాను. కుడిచేతి పిచర్ వీపు మొదటి బేస్ వైపు ఉంటుంది. ఎడమచేతివాడి ముఖం ఆ బేస్ వైపే ఉంటుంది. బంతిని గ్లవ్‌లో దాచి, పొట్ట దగ్గర రెండు చేతులూ కలిపి నిలబడతాడు. కుడి మోకాలు పైకి లేస్తుంది. ఆ కాలు గాలిలో ఉన్న క్షణం బేస్ మీద వాడికి ఏమీ తెలియదు. కాలు బ్యాటరు వైపు దిగుతుందా, తన వైపు దిగుతుందా? తన వైపు దిగితే బంతి ఆ బేస్‌కే వస్తుంది, ఒక్క అడుగు తొందరపడి ఉంటే తిరిగి బేస్ అందుకోలేక అవుటవుతాడు. అందుకని కాళ్లు అక్కడే అంటుకుపోతాయి. ఏ అండ్ ఎం ముఖ్య పిచర్లు ముగ్గురూ, ప్రేగర్, జస్టిన్ లామ్కిన్, మైల్స్ పాటన్, ఎడమచేతివాళ్లే. టెక్సస్‌వాళ్లు బేస్‌లు దొంగిలించకుండా, అంటే బంతి కొట్టకముందే తర్వాతి బేస్‌కు పరుగెత్తకుండా ఇది మూడు రోజులూ అడ్డుపడుతుందని నా ఆశ.

బ్యాటింగ్‌లో మా పెద్ద పేరు జేస్ లావియొలెట్. ఆరడుగుల ఆరంగుళాల మనిషి. మొదటి ఏడాది 21, రెండో ఏడాది 29 హోమ్ రన్లు. కాలేజీల్లో లోహపు బ్యాట్లు వాడతారు, అతను గట్టిగా కొట్టినప్పుడు రేడియోలో గుడి గంట కొట్టినట్టు వినిపిస్తుంది. అతనూ ఎడమచేతి బ్యాటరే. చిక్కంతా అక్కడే ఉంది. టెక్సస్‌లో ఆట చివర్లో వచ్చే డిలన్ వొలాంటిస్ మొదటి సంవత్సరం కుర్రవాడు, ఎడమచేతి పిచర్. అతని వంపు బంతి ఎడమచేతి బ్యాటరు నడుము వైపు వస్తున్నట్టే వచ్చి చివరి క్షణంలో దూరంగా పోతుంది. ఎనిమిదో ఇన్నింగ్స్ దాకా ఆట సమంగా నడిస్తే ఆ కుర్రవాడు వస్తాడు, లావియొలెట్ అతన్ని ఎదుర్కోవాలి, నా పుస్తకంలో 'ఊ' పడే అవకాశమే ఎక్కువ. అందుకని ఆరో ఇన్నింగ్స్‌లోపే ఆధిక్యం తెచ్చుకోవాలి, వొలాంటిస్ లేచి చేయి వేడి చేసుకునే అవసరమే రానివ్వకూడదు.

మైదానం వాళ్లది. 1975లో కట్టిన డిష్-ఫాక్ స్టేడియం, కృత్రిమ పచ్చిక. దాని మీద బంతి మట్టి నేల మీద కన్నా వేగంగా దొర్లుతుంది, 6-4-3లు వేగంగా పడతాయి, తప్పులూ అంతే వేగంగా జరుగుతాయి. అంకెలు అరిచే మా జనం అక్కడ పిడికెడే ఉంటారు.

నా లెక్క దాచకుండా చెబుతాను. ప్రేగర్ ఆరు ఇన్నింగ్స్ దాటితే శుక్రవారం మాది, మూడింటిలో రెండు గెలవడానికి ఆశ ఉంటుంది. అయిదులోపే దిగిపోతే మూడూ పోవచ్చు. ఎస్‌ఈసీలో 16 జట్లు, ఒక్కొక్కరికి 30 ఆటలు, అందులో సగానికి పైగా అయిపోయాయి. జాతీయ పోటీకి పిలిచే 64 జట్లలో మా పేరు ఉండాలంటే ఇలాంటి జట్టు మీద గెలుపు కావాలి. మా చిన్నవాడికి వచ్చే నెలలో పట్టా వస్తుంది. తర్వాత ఉద్యోగం ఎక్కడో, ఏ ఊరో. కాలేజ్ స్టేషన్‌లో ఉండి వాడు చూసే చివరి సీజన్ ఇదే. ఆస్టిన్ ఆటకు స్నేహితులతో కారులో వెళుతున్నాడు. "అమ్మా, నువ్వు రేడియోలో వింటుంటే నేను లోపల ఉంటాను" అన్నాడు. జనం అరుపుల్లో వాడి గొంతు వినబడదని తెలుసు, అయినా చెవి ఒగ్గి వింటాను.

పుస్తకంలో మూడు పేజీలకు గీతలు గీసి పెట్టాను. మొదటి పేజీలో 1 అంకె ఎదురుగా ప్రేగర్ పేరు సిరాతో రాశాను. మిగతా రెండు పేజీల్లో పేర్లు పెన్సిలుతో ఉన్నాయి. ఆవకాయకు కాయలు శుక్రవారం సాయంత్రానికే దిగుతాయని తోటవాళ్లు కబురు చేశారు. కాయలు కొట్టే అతన్ని శనివారం తొమ్మిది దాటాకే రమ్మన్నాను.