తీసిన ఇంజన్ ఏమైంది?

ఆరేళ్ల తరువాత సంక్రాంతికి విశాఖపట్నం వచ్చి, గాజువాక ఆటోనగర్‌లో నాకు పని నేర్పిన మేస్త్రీ గారి షెడ్డుకు వెళ్లాను. ఆక్లాండ్‌లో ఏం పని చేస్తున్నావని అడిగితే ఫోనులో ఫొటోలు చూపించాను. 1992 నాటి జపాన్ కారు సుబారు లెగసీ స్టేషన్ వ్యాగన్‌లో ఉన్న మామూలు ఇంజన్ దింపి, దాని స్థానంలో అదే కంపెనీ ఇంప్రెజా డబ్ల్యూఆర్ఎక్స్ టర్బో ఇంజన్ ఎక్కించిన సంగతి గర్వంగానే చెప్పాను. అంతా విని ఆయన ఒకే మాట అడిగారు.

"మరి తీసినదాన్ని ఏటి చేశార్రా?"

"తుక్కుకు పంపేశామండి."

"పాడైపోయిందా?"

"లేదండి, బాగానే ఆడేది."

ఆయన టీ గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఆడుతున్న ఇంజన్ని తుక్కుకేశావు. నా దగ్గర నేర్చుకున్నానని ఎవరికీ చెప్పకు" అన్నారు.

ఆ మాట నాలుగు రోజులుగా నన్ను వదలడం లేదు. ఆ రోజు ఆయనకు చెప్పిన సమాధానాలనే ఇక్కడ మళ్లీ చెప్పుకుంటున్నాను.

ఆ మాట తరువాత ఆయన వేసిన మొదటి ప్రశ్న న్యాయమైనదే: పాత ఇంజన్‌కే టర్బో బిగిస్తే సరిపోయేది కదా? రెండూ ఒకే కుటుంబం. రెండూ 1994 సీసీ, బోరు (సిలిండర్ వెడల్పు) 92 మిల్లీమీటర్లు, స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) 75. సిలిండర్లు నిలబడి ఉండవు, చెరొక పక్కకు రెండేసి పడుకుని ఉంటాయి. ఇది ఆయనకు కొత్త కాదు. సుబారు ఫారెస్టర్ మన దేశంలో కొన్నాళ్లు షెవర్లే పేరుతో అమ్ముడైంది. అలాంటి బండి ఒకటి షెడ్డుకు వస్తే, ఛాసిస్ పక్కన ఇరుక్కున్న స్పార్క్ ప్లగ్గుల కోసం ఒక పూటంతా కష్టపడ్డానని ఆయనే చెప్పారు. అయితే కంప్రెషన్ నిష్పత్తి, అంటే సిలిండర్‌లో గాలిని ఎన్నో వంతుకు ఒత్తుతుందన్న లెక్క దగ్గర తేడా వస్తుంది. మామూలు ఇంజన్‌లో అది 9.5 దరిదాపుల్లోను, టర్బో ఇంజన్‌లో 8 దరిదాపుల్లోను ఉంటుంది. సైలెన్సర్‌కు పోవలసిన వేడి గాలితో చక్రం తిప్పి, ఆ చక్రంతో బయటి గాలిని ఒత్తి సిలిండర్లలోకి నెట్టడమే టర్బో చేసే పని. ముందే ఎక్కువగా ఒత్తే ఇంజన్‌లోకి ఒత్తిన గాలిని పంపితే పెట్రోలు సమయానికి ముందే పేలి పిస్టన్లను తినేస్తుంది. ఈ మాట నేను పూర్తి చేయకముందే ఆయన తల ఊపారు.

తక్కిన పని కూడా ఇంజన్ మార్చి బోల్టులు బిగించడంతో అయ్యేది కాదు. టర్బోకు వెళ్లే పైపుకు చోటు కావాలి కనుక ఇంజన్ కింది అడ్డ దూలం (క్రాస్‌మెంబర్) మార్చాలి. పెట్రోలు పంపు పెద్దది వేయాలి. రెండు బండ్ల వైరింగును తీగ తీగగా విడదీసి కలపాలి, దానికే అన్నిటికంటే ఎక్కువ రోజులు పట్టింది. గేర్‌బాక్స్ మారిస్తే వెనుక చక్రాలకు శక్తిని పంచే డిఫరెన్షియల్‌ను కూడా సరిచూడాలి. నాలుగు చక్రాలూ లాగే బండి కనుక గేర్‌బాక్సులో చివరి గేర్ల నిష్పత్తి 4.11 ఉండి వెనుక 3.9 మిగిలిపోతే ముందు చక్రాలు ఒక లెక్కలో, వెనుక చక్రాలు మరో లెక్కలో తిరగబోయి, మధ్యలో రెంటినీ కలిపే కప్లింగ్ కాలిపోతుంది. చివరికి బ్రేకులు కూడా పెద్దవి వేశాక, ప్రత్యేక అనుమతి ఉన్న తనిఖీదారు వచ్చి బండి అంతా చూసి, మార్పులు నమోదు చేసిన చిన్న రేకు పలక ఇప్పించాడు. అది ఉంటేనే న్యూజిలాండ్‌లో ఇటువంటి బండి రోడ్డెక్కుతుంది.

ఇదంతా నేను శ్రద్ధగా చేసిన పని. అందుకే మేస్త్రీ గారి మాట ఎక్కువ నొప్పించింది. వైరింగును గాని, బ్రేకులను గాని ఆయన తప్పుపట్టలేదు, నేను లెక్కలోకే తీసుకోని ఇంజన్ గురించి అడిగారు.

నిజానికి దాన్ని నేను పూర్తిగా లెక్కలోకి తీసుకోలేదనడానికి కూడా వీల్లేదు. దింపే ముందు కంప్రెషన్, అంటే ఒక్కో సిలిండర్ ఎంత ఒత్తిడి ఇస్తుందో చూశాను. చూడమని అక్కడ ఎవరూ అడగలేదు. ఏ ఇంజన్ విప్పినా ముందు గేజి పెట్టి చూడాలన్నది మేస్త్రీ గారి షెడ్డులో అబ్బిన అలవాటు. 175, 170, 175, 180 వచ్చాయి. సుద్దముక్కతో ఆ నాలుగు అంకెలనూ గాలి లోపలికి వెళ్లే గొట్టాల (ఇన్‌టేక్ మానిఫోల్డ్) మీద రాశాను. ముప్పై ఏళ్లు తిరిగిన ఇంజన్‌కు అంత సమానంగా రావడం చూసి ఎంతో ముచ్చటపడ్డాను. దీన్ని ఉంచుదామని మా యజమానిని అడిగాను. ఆయన చెడ్డవాడు కాడు. గంటకు ఇంత అని మా జీతాలు, షెడ్డులో గజానికి ఇంత అని అద్దె లెక్కగట్టి చూపించి, ఈ ఇంజన్‌ను కడిగి, ఫొటో తీసి, కొనేవాడికి సమాధానాలు చెప్పేలోపు ఖర్చు దాని ధరను మించిపోతుందన్నాడు. జపాన్‌లో షాకెన్ అనే తప్పనిసరి తనిఖీల ఖర్చుకు జడిసి జనం వదిలించుకున్న బండ్లు సగానికి కోసి కంటెయినర్లలో వస్తాయి. మా టర్బో ఇంజన్ కూడా అలా హాఫ్ కట్‌లో వచ్చినదే. సరుకు అంత సులువుగా దొరికేచోట వాడిన ఇంజన్‌ను దాచుకునేవాడు ఉండడు. ఆ శుక్రవారం తుక్కు లారీ వచ్చింది. హుక్కుకు తగిలించి పైకి లేపినప్పుడు సుద్ద అంకెలు నా వైపే ఉన్నాయి.

యజమాని లెక్కలో తప్పు లేదని మేస్త్రీ గారితో గట్టిగానే వాదించాను. వాదిస్తున్నంతసేపూ నా కళ్ల ముందు ఈ షెడ్డే మెదిలింది. మేము పనిలో చేరిన కొత్తలో పెట్రోలు అంబాసిడర్లు వచ్చేవి. వాటిలో మెటాడోర్ డీజిల్ ఇంజన్ ఎక్కించి, కాగితాల్లో డీజిల్ అని రాయించి పంపేవాళ్లు. ఇప్పుడు ఇంజన్ మార్చాలంటే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద ముందుగా రవాణా శాఖ అనుమతి ఉండాలి, అది ఉండవలసిందే. కాని అప్పట్లో దింపిన పెట్రోలు ఇంజన్ ఈ నేల మీద వారం రోజులు కూడా ఉండేది కాదు. దేనికి బ్లాకు పగిలిందో, ఎవరి హెడ్డు వంగిందో మేస్త్రీ గారి నోటి మీద ఉండేది, కబురు వెళ్లేది, రిక్షా వచ్చేది. చివరికి ఎక్కడా పనికిరాని క్రాంకు కూడా లేతు మీదికి వెళ్లి మరొకటి అయ్యేది. ఇక్కడ మనిషి కూలి చవక కనుక అలా చెల్లిందని అక్కడివాళ్లు అంటారు. కావచ్చు. నాకు మాత్రం ఏ ఇంజన్ ఎవరికి కావాలో ఒక మనిషి గుర్తుపెట్టుకోవడం వల్ల చెల్లిందని అనిపిస్తుంది, ఆక్లాండ్‌లో అలా గుర్తుపెట్టుకోవలసినవాణ్ణి నేనే అయి ఉండవలసింది. మా వీధిలోనే ఇద్దరు అటువంటి లెగసీలే నడుపుతున్నారు. వాళ్లను అడగాలని నాకు తోచలేదు.

మార్చిలో మరొక లెగసీ ఇదే పనికి రానుంది. నిన్న రాత్రి యజమానికి సందేశం పంపి, ఈసారి దింపిన ఇంజన్‌ను కొన్నాళ్లు ఉంచనిమ్మని అడిగాను. కంప్రెసర్ పక్కన, రెండు వారాలు, అంతకుమించి ఒక్క రోజు కూడా లేదని జవాబు వచ్చింది. ఉదయం ఆ మాట చెబుదామని ఆటోనగర్ వెళ్లాను. మేస్త్రీ గారు ఒక లారీ హబ్‌లో గ్రీజు పెడుతున్నారు, తల ఎత్తలేదు.

"ప్లగ్గు కన్నాల్లో కాస్త ఆయిల్ పోసి ఉంచు. పడుకున్న ఇంజన్ కదా, పోసింది పోసినట్టు ఒక పక్కకే దిగిపోద్ది. పోశాక క్రాంకు రెండు చుట్లు చేత్తో తిప్పు."