కల్లు దుకాణాలు మూతబడిన ఉగాది

పాలమూరు పల్లెల్లో కల్లు రెండు రకాలు. గౌడన్న మోకు కట్టుకొని చెట్టెక్కి లొట్టితో దించేది ఒకటి, దుకాణంలో సీసాల్లో అమ్మేది ఇంకొకటి. ఈత చెట్టు నుంచో తాటి చెట్టు నుంచో దించినది కొన్ని గంటల్లోనే పులుస్తుంది, అందులో ఉండే ఆల్కహాల్ సుమారు 4, 5 శాతం మాత్రమే. దుకాణం సీసాలో చెట్టు నుంచి వచ్చినది ఎంతో, నీళ్లు ఎన్నో, తీపి కోసం వేసినదేమిటో తాగేవాడికి తెలియదు. నిషా కోసం కలిపేవాటి పేర్లు మాత్రం మా జిల్లాలో ఎక్సైజ్ కేసుల వార్తలు చదివే ప్రతివారికీ కంఠస్థమే: క్లోరల్ హైడ్రేట్, డైజెపాం, ఆల్ప్రాజోలం. మొదటిది 1832లో జర్మనీలో తయారై, 1869 నుంచి నిద్రమందుగా వాడుకలోకి వచ్చిన రసాయనం. మిగిలిన రెండూ ఆందోళన తగ్గించడానికి, నిద్ర కోసం డాక్టరు చీటీ మీద మాత్రమే అమ్మవలసిన మందులు. నేను చాలా ఏళ్ల పాటు ప్రతి సాయంత్రం తాగినది ఈ రెండో రకం కల్లునే. జీవశాస్త్రం బోధించిన ఉపాధ్యాయుడు దుకాణం కల్లు తాగడమేమిటని పట్నం బంధువులు ఆశ్చర్యపోతారు కానీ, పొద్దుగూకాక కల్లు తాగడాన్ని మా వైపు ఎవరూ వ్యసనం అనరు. ఆడవాళ్లూ తాగుతారు, పండుగకు ఇంటికీ తెప్పించుకుంటారు.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ వచ్చింది. ఆ వెంటనే లాక్‌డౌన్ మొదలై దుకాణాలన్నీ మూతబడ్డాయి. మొదటి రాత్రి నిద్ర పట్టలేదు, దానిని నేను పట్టించుకోలేదు. మరునాటికి చేతులు వణకడం మొదలైంది, చెమటకు బనియను తడిసి ఒంటికి అంటుకుపోయింది. అంతకన్నా వింతైనది, ఇప్పటికీ స్పష్టంగా గుర్తున్నది, చప్పుళ్ల సంగతి. వంటింట్లో నా భార్య స్టీలు గ్లాసు బండ మీద పెడితే ఆ చప్పుడుకు ఒళ్లంతా ఉలిక్కిపడేది. ట్యూబులైటు చోక్ నుంచి వచ్చే సన్నటి గుయ్యిమనే మోత పక్క గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నా వినిపించేది. పగటి వెలుతురు కళ్లలో గుచ్చుకునేది, దుప్పటి అంచు తగిలినా చర్మం మంట పుట్టేది. లోకంలోని ప్రతిదీ నా మీదికి గట్టిగా వచ్చిపడుతున్నట్లు అనిపించింది.

ఆ రాత్రి గోడ మీద చీమల బారులు కనిపించాయి. చీపురు తీసుకొని ఊడ్వబోతే మా బిడ్డ చెయ్యి పట్టుకొని, "నాయినా, గోడ మీద ఏం లేదు నాయినా, జర కూసో" అని బతిమాలింది. ఉగాది నాడు పొద్దున పచ్చడి గిన్నె ముందు కూర్చున్నంత వరకే నాకు గుర్తు. ఆ తరువాత ఫిట్స్ వచ్చాయనీ, నాలుక కరుచుకున్నాననీ, వాకిట్లో చేరిన వాళ్లలో ఒకరు గాలి సోకిందని అంటే మరొకరు కల్లు దొరకక చేస్తున్న నాటకమని అన్నారనీ ఇంట్లోవాళ్లు తరువాత చెప్పారు. ఆ రెండు మాటల్లో రెండోదే నన్ను ఎక్కువ బాధించింది. గాలి అనుకున్నవాళ్లు కనీసం జరుగుతున్నది నా చేతుల్లో లేదని ఒప్పుకున్నారు.

108 వాహనంలో జిల్లా కేంద్రంలోని ఆసుపత్రికి చేర్చారు. అక్కడ నా లాంటివారు ఇంకా ఉన్నారు. కొందరిని మంచాలకు గుడ్డలతో కట్టి ఉంచారు, ఒక పెద్దమ్మ గాలిలో బియ్యం చెరుగుతూ ఉంది. డ్యూటీలో ఉన్న మానసిక వైద్యుడు నన్ను అడిగిన మొదటి ప్రశ్న, "సార్, మీరు తాగేది చెట్టు కల్లా, దుకాణం కల్లా?" అన్నది. వైద్యానికి సంబంధించి అంత పదునైన ప్రశ్న ఆ తరువాత నన్ను ఎవరూ అడగలేదు. చెట్టు కల్లు అయితే ఆల్కహాల్ సంగతి మాత్రమే చూసుకోవాలి, దుకాణం కల్లు అయితే నిద్రమాత్రలు ఒక్కసారిగా ఆగిపోయిన రోగిగా చూడాలి. ఫిట్స్ ఆగడానికి లొరాజెపాం ఇంజెక్షను, మెదడుకు హాని జరగకుండా థయమిన్ అనే బి1 విటమిన్ ఇంజెక్షన్లు ఇచ్చారు. ఆ తరువాత డైజెపాం మాత్రలు మొదలుపెట్టారు. "ఏ మందు వల్ల ఈ గతి పట్టిందో మళ్లీ ఆ జాతి మందే ఇస్తున్నారేమిటి?" అని నా భార్య నిలదీసింది. డాక్టరు విసుక్కోకుండా, "అమ్మా, ఇన్నేళ్లు మందు మీద నడిచిన మెదడు ఒక్క రోజులో దిగదు, మెట్టు మెట్టుగా దించాలె" అన్నాడు.

ఆ మాట వెనుక ఉన్న శాస్త్రాన్ని లాక్‌డౌన్ నెలల్లో తీరిగ్గా చదువుకున్నాను. పదో తరగతి పిల్లలచేత నాడీకణం బొమ్మ వేయించి, రెండు కణాల నడుమ ఉన్న సంధిని సైనాప్స్ అంటారని రాయించినవాడిని నేను. ఆ బొమ్మలో సైనాప్స్ ఒకసారి గీస్తే మారనిదిగా కనిపిస్తుంది. నిజానికి మనిషి మెదడులో ఉన్న సుమారు 8,600 కోట్ల నాడీకణాలు తమ మధ్య ఉన్న ఈ సంధులను నిరంతరం బిగిస్తూ, వదులు చేస్తూనే ఉంటాయి. కలిసి పనిచేసే కణాల మధ్య సంధి బలపడుతుందని కెనడా శాస్త్రవేత్త డొనాల్డ్ హెబ్ 1949లో ప్రతిపాదించాడు, నేర్చుకోవడానికీ జ్ఞాపకానికీ అదే ఆధారమని మనం చదువుకున్నాం. అయితే అందులో ఒక చిక్కు ఉంది. బలపడిన సంధి వల్ల కణం మరింతగా స్పందిస్తుంది, ఆ స్పందన వల్ల సంధి ఇంకా బలపడుతుంది. దీన్ని అదుపు చేసేది ఏదీ లేకపోతే మెదడు మొత్తం ఫిట్స్‌లోకి వెళ్లిపోవాలి, బలహీనమైన సంధులేమో క్రమంగా మూగబోవాలి. మామూలు మనుషుల్లో అలా జరగడం లేదు కాబట్టి, ప్రతి కణం తన స్పందనను ఒక స్థాయి దగ్గర నిలుపుకునే ఏర్పాటు వేరే ఉండాలి.

ఆ ఏర్పాటును అమెరికాలోని బ్రాండైస్ విశ్వవిద్యాలయంలో జీనా టురిజియానో, ఆమె సహచరులు 1998లో చూపించారు. ఎలుక మెదడులో దృష్టికి సంబంధించిన భాగం నుంచి తీసిన కణాలను గాజు పాత్రలో పెంచి, ఒక పాత్రలో టెట్రోడోటాక్సిన్ అనే విషం కలిపారు. ఇది పఫర్ చేపల్లో ఉండే విషమే, నాడీకణాల్లో విద్యుత్ సంకేతాలను పూర్తిగా ఆపేస్తుంది. రెండు రోజులు అలా మౌనంగా ఉంచిన కణాల్లో ఒక్కొక్క సంధి నుంచి అందే ఉత్తేజం పెరిగింది, విషాన్ని కడిగేశాక అవి మునుపటికన్నా జోరుగా స్పందించాయి. ఇంకొక పాత్రలో బైకుకుల్లిన్ కలిపారు, ఇది మెదడులో నెమ్మదింపజేసే గాబా అనే రసాయనం పనిని అడ్డుకుంటుంది. ఆ కణాలు మొదట విపరీతంగా స్పందించి, రెండు రోజులు తిరిగేసరికి దాదాపు పాత స్థాయికి దిగివచ్చాయి. వాటి సంధులు బలం తగ్గించుకున్నాయి. గ్లూటమేట్ అనే ఉత్తేజ రసాయనాన్ని అందుకునే ఆంపా గ్రాహకాలను కణం తన పైపొర మీదికి ఎక్కువగానో తక్కువగానో తెచ్చుకోవడం ద్వారా ఈ మార్పు జరుగుతుంది. నన్ను అన్నిటికన్నా ఆకట్టుకున్న విషయం, సంధులన్నీ ఒకే నిష్పత్తిలో పెరగడం లేదా తగ్గడం. బలమైన సంధి బలమైనదిగానే, బలహీనమైనది బలహీనమైనదిగానే మిగులుతుంది, వాటి మధ్య ఉన్న తేడాలు చెక్కుచెదరవు. నా మెదడు ఇంత అల్లకల్లోలమైనా పాత విద్యార్థుల పేర్లు, వాళ్ల తండ్రుల పేర్లతో సహా, నాకు మిగిలి ఉండటానికి ఇదే కారణమని నేను అనుకుంటాను. ఇది నా ఊహ, ఎవరూ పరీక్షించి చెప్పినది కాదు.

దుకాణం కల్లులోని డైజెపాం, ఆల్ప్రాజోలం గాబా గ్రాహకాల మీద కూర్చొని, గాబా వచ్చినప్పుడు ఆ గ్రాహకాల ద్వారాలు మరింత తరచుగా తెరుచుకునేలా చేస్తాయి. క్లోరల్ హైడ్రేట్ శరీరంలో మారి తయారయ్యే పదార్థమూ, ఆల్కహాలూ అటువైపే నెడతాయి. ఏళ్ల తరబడి ప్రతి రాత్రీ ఇలా అణిచివేస్తుంటే మెదడు తన స్థాయిని నిలుపుకోవడానికి రెండు పనులు చేస్తుంది: గాబా గ్రాహకాలు మందుకు మునుపటిలా లొంగవు, ఉత్తేజాన్ని అందుకునే వైపు బలం పెరుగుతుంది. ఈ జాతికే చెందిన ఫ్లురాజెపాం అనే మందును ఎలుకలకు కొంతకాలం ఇచ్చి ఆపేసినప్పుడు, జ్ఞాపకాలకు ముఖ్యమైన మెదడు భాగమైన హిప్పోకాంపస్‌లో ఆంపా గ్రాహకాల ద్వారా ప్రవహించే విద్యుత్తు పెరిగినట్లు ప్రయోగాల్లో తేలింది. గాజు పాత్రలో జరిగినదే నా తలలో యథాతథంగా జరిగిందని అనడం తొందరపాటు అవుతుంది, గాబా వైపు మార్పులకు వేరే యంత్రాంగం ఉంది. కానీ దిశ ఒక్కటే. మొదట్లో ఒక్క సీసాకు వచ్చిన నిద్ర తరువాత రెండు సీసాలకు కూడా రాకపోవడం నా అత్యాశ కాదు, నా మెదడు తన పని తాను చేసుకుపోవడం.

మా ఊరి రైతులకు ఈ సంగతి చెప్పేటప్పుడు నేను ట్రాన్స్‌ఫార్మర్‌ను ఉదాహరణగా తీసుకుంటాను. బోర్లన్నీ నడిచే వేళ వోల్టేజీ పడిపోతుందని లైన్‌మన్ ట్రాన్స్‌ఫార్మర్ ట్యాప్ మార్చి పెంచుతాడు. మోటార్లు చక్కగా నడుస్తాయి, లోపమేమీ కనిపించదు. అర్ధరాత్రి అందరూ మోటార్లు ఆపేసి ఒక్కడు మాత్రమే నడిపితే, పెంచిన వోల్టేజీ అంతా ఆ ఒక్క మోటారు మీద పడి వైండింగ్ కాలిపోతుంది. వాళ్లకు వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే ప్రతివాడూ ఏదో ఒక యాసంగిలో మోటారు కాల్చుకున్నవాడే. గ్లాసు చప్పుడు, ట్యూబులైటు మోత, వెలుతురు, గోడ మీద చీమలు, చివరికి ఫిట్స్, ఇవన్నీ నాలో కల్లు మిగిల్చిన విషం చేసిన పనులు కావు. కల్లు పోయిన తరువాత కూడా పెంచిన బలం పెంచినట్లే ఉండిపోవడం వల్ల వచ్చినవి. పెంచడానికి ఎంతో కాలం తీసుకున్న మెదడు, దించడానికీ తన సమయం తాను తీసుకుంటుంది. అందుకే దాదాపు సగం రోజులోనే సగం వెళ్లిపోయే ఆల్ప్రాజోలం స్థానంలో, చాలా రోజుల పాటు నెమ్మదిగా దిగిపోయే డైజెపాం పెట్టి, దానిని కొద్దికొద్దిగా తగ్గిస్తారు.

ఆ తగ్గింపు నేను అనుకున్నంత సుఖంగా సాగలేదు. మాత్రను స్టీలు పళ్లెంలో పెట్టి కొత్త బ్లేడుతో సగాలుగా, పావులుగా కోసే పనిని మా బిడ్డకే అప్పగించాను, ఎందుకంటే వణికే చేతితో కోస్తే పావు ముక్క పొడి అయిపోయేది, ఆ పొడిని వేలితో అద్దుకొని నాకితే ఎంత వేసుకున్నానో లెక్క తప్పేది. మోతాదు తగ్గించిన ప్రతిసారీ కొన్ని రాత్రులు పలచని నిద్ర, ఉలికిపాటు, చప్పుళ్ల బాధ తిరిగి వచ్చి, వాటంతటవే సద్దుమణిగేవి. సద్దుమణిగాకే తరువాతి మెట్టు. ఒకసారి ఒక మెట్టు దాటేద్దామని నా భార్య అన్నప్పుడు, డాక్టరు ఫోనులోనే గట్టిగా వద్దన్నాడు.

నిద్ర గురించి చదివినది కూడా ఆ రోజుల్లో నాకు ధైర్యమిచ్చింది. పగలంతా నేర్చుకుంటూ బలపడిన సంధులను మెదడు నిద్రలో తిరిగి తగ్గించుకుంటుందని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన జులియో టొనోని, కియారా చిరెల్లి చెప్పారు. 2017లో వాళ్ల బృందం, నిద్రపోయిన ఎలుకల్లో సంధుల పరిమాణం మేల్కొని ఉన్నవాటికన్నా సగటున 18 శాతం తక్కువగా ఉందని కొలిచి చూపింది. దీని మీద భిన్నాభిప్రాయాలు ఉన్నాయి, సంధుల సర్దుబాటు మెలకువలోనే జరుగుతుందని వాదించేవారూ ఉన్నారు. ఏది నిజమైనా, మందుతో తెచ్చుకున్న మత్తు అసలైన నిద్ర కాదన్న తేడా నాకు ఒంటికి తెలిసింది. మాత్ర పూర్తిగా ఆగాక, ఎన్నాళ్లకో మళ్లీ కలలు వచ్చాయి, అవి భయంకరంగా ఉన్నా పొద్దున లేచేసరికి తల తేలికగా ఉండేది. డాక్టరు ముందే హెచ్చరించినట్లు వణుకు తొందరగా పోయింది, చప్పుళ్లంటే చిరాకు మాత్రం నెలల తరబడి ఉండి, ఎప్పుడు పోయిందో తెలియకుండా పోయింది.

ఇప్పుడు ఏటా కార్తీకం దగ్గర పడుతుంటే నా దగ్గరికి కొందరు వస్తారు. మా వైపు అయ్యప్ప మాల వేసుకున్న రోజే కల్లు, మందు అన్నీ ఒక్కసారిగా మానేస్తారు, మాలలోనే ఫిట్స్ వచ్చి పడిపోయినవాళ్లు ఉన్నారు, దానిని నియమం తప్పినందుకు స్వామి ఆగ్రహంగా చెప్పుకున్నవాళ్లూ ఉన్నారు. దుకాణం కల్లు రోజూ తాగేవాళ్లు మాలకు చాలా ముందే డాక్టరును కలవాలనీ, ఎవరూ తమంతట తాముగా ఒక్క రోజులో ఆపవద్దనీ నేను చెబుతాను. మొన్నటి కార్తీకంలో మా వీధి కుర్రవాడు ఒకడు అలాగే డాక్టరు దగ్గరికి వెళ్లి మాత్రలు రాయించుకున్నాడు కానీ, మాలలో ఉండి మత్తుమాత్ర వేసుకుంటే దీక్ష భంగమవుతుందేమోనని అనుమానపడ్డాడు. ఇద్దరం కలిసి గురుస్వామిని అడిగాం. ఆయన చీటీ చేతిలోకి తీసుకొని అటూ ఇటూ తిప్పి చూసి, "డాక్టరు రాసిచ్చింది కదా, వేసుకో స్వామీ. మాత్ర అయిపోయినంక కూడా దుకాణం దిక్కు మాత్రం పోకు" అన్నాడు.