నడుం నొప్పితో ఎనిమిది వారాలు

నాకు నాలుగేళ్లుగా నడుం నొప్పి. మల్కాజ్‌గిరిలో ఇల్లు, దగ్గర్లోనే ఒక స్కూల్లో లెక్కల టీచర్ని. రోజుకు ఆరు పీరియడ్లు నిలబడే చెప్పాలి. ఎమ్మారైలో నడుం దగ్గర ఎల్4-ఎల్5 అనే వెన్నుపూసల మధ్య మెత్తలాంటి డిస్క్ కొంచెం ఉబ్బిందని తేలింది, ఆపరేషన్ అవసరం లేదన్నారు. మాత్రలు, బెల్టు, నూనె మర్దన, ఫిజియోథెరపీ అన్నీ అయ్యాయి. చివరికి ఒక డాక్టర్ రిపోర్టులు పక్కకు నెట్టి, "ఇదంతా మీ మనసులోనే ఉందమ్మా" అన్నారు. ఆటోలో ఇల్లు చేరేదాకా ఏడుస్తూనే ఉన్నాను.

అందుకే మా ఫిజియోథెరపిస్టు మైండ్‌ఫుల్‌నెస్ క్లాసుల సంగతి, అంటే ఒంట్లో, మనసులో ఈ క్షణం ఏం జరుగుతోందో ఊరికే గమనించే ధ్యాన సాధన సంగతి ఎత్తగానే ఒళ్లు మండింది. మళ్లీ మనసేనా? ఆవిడ ఓపిగ్గా చెప్పారు. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ స్కూల్లో జాన్ కబాట్-జిన్ ఈ కోర్సు మొదలుపెట్టిందే, వైద్యంతో పూర్తిగా తగ్గని నొప్పులూ జబ్బులూ ఉన్నవాళ్ల కోసమట. మీ నొప్పి అబద్ధమని ఇక్కడ ఎవరూ అనరు అన్నారు. 2016లో వచ్చిన ఒక పరిశోధన కూడా చూపించారు. ఎప్పట్నుంచో నడుం నొప్పి ఉన్న 342 మందిని తీసుకున్నారు. ఆరు నెలలకు, ఈ కోర్సులో చేరినవాళ్లలో నూటికి 60 మందికి రోజువారీ పనులు చెప్పుకోదగ్గంత సులువయ్యాయి. మామూలు వైద్యంతోనే ఉన్నవాళ్లలో 44 మందికి. లెక్కల టీచర్ని, ఆ తేడాను కొట్టిపారేయలేకపోయాను.

తార్నాకలో ఒక డాబా మీది గదిలో ఎనిమిది వారాలు, ఆదివారం ఆదివారం రెండున్నర గంటల క్లాసు. మొదటి రోజు ఒక్క ఎండుద్రాక్షను చేతిలో పెట్టి, చూసి, వాసన పీల్చి, మెల్లగా నమలమన్నారు. దాని సంగతి వదిలేయండి, నాకు పెద్దగా ఎక్కలేదు. అసలు పని బాడీ స్కాన్‌తో మొదలైంది. ఇంట్లో రోజూ 45 నిమిషాలు చాప మీద వెల్లకిలా పడుకుని, ఎడమ కాలి బొటనవేలి నుంచి నడినెత్తి దాకా ధ్యాసను మెల్లగా జరుపుకుంటూ రావాలి.

రెండో వారం మానేద్దామనుకున్నాను. ధ్యాస నడుం దగ్గరికి రాగానే నొప్పి రెట్టింపైనట్టు ఉండేది. టీచరమ్మకు చెబితే, "అక్కడే పోట్లాడుతూ ఉండిపోకండి. పాదాలకో ఊపిరికో వెళ్లి, కుదిరినప్పుడు మళ్లీ రండి. పక్కకు ఒత్తిగిలినా తప్పులేదు, కుర్చీలో చేసినా తప్పులేదు" అన్నారు.

నాలుగో వారంలో ఒక సాయంత్రం అలాగే పడుకుని ఉన్నాను. నాలుగేళ్లుగా నేను 'నొప్పి' అని ఒక్క మాటలో కట్టేసిన మూటలో ఏమేం ఉన్నాయో ఆరోజు విడివిడిగా తెలిసింది. ఎడమ పక్కన రూపాయి బిళ్లంత వేడి. అక్కణ్నుంచి పిర్రలోకి తాడు లాగినట్టు ఒక గుంజుడు. అంతవరకు డిస్క్ పని. కానీ నా పళ్లు బిగుసుకుని ఉన్నాయి, గుప్పిళ్లు మూసుకుని ఉన్నాయి, ఊపిరి సగంలో ఆగి ఉంది. వీటన్నిటి మీద 'రేపు ఇన్విజిలేషన్, మూడు గంటలు ఎలా నిలబడతాను' అన్న టెన్షన్. దవడ వదిలాను. రూపాయి బిళ్ల అక్కడే ఉంది, మిగతా బరువు కొంత దిగింది.

మా అత్తయ్య మొదట్లో తలుపు తీసి, "పండుకున్నవా బిడ్డా?" అని అడిగేవారు. సంగతి తెలిశాక, ఏడు కాగానే తనే సీరియల్ సౌండు తగ్గించి, పిల్లల్ని ఈ గదివైపు రానిచ్చేవారు కాదు. ఆ 45 నిమిషాలు నాకు దొరికాయంటే ఆమె వల్లే.

మందులు నేనుగా ఆపలేదు. మరో డాక్టర్ని కలిసి, ఆయన చెప్పినట్టే తగ్గించుకున్నాను, వ్యాయామాలు నడుస్తూనే ఉన్నాయి. కాళ్లు మొద్దుబారినా, మూత్రం మీద పట్టు తప్పినా ఈ సాధనతో కాలయాపన చేయొద్దని, వెంటనే ఆసుపత్రికి పరిగెత్తాలని ఫిజియోథెరపిస్టు గట్టిగా చెప్పారు. మీరూ గుర్తుపెట్టుకోండి.

నొప్పి ఇప్పటికీ పదికి ఐదు ఉంటుంది, చలికాలం ఆరు. రాత్రి రెండింటికి మెలకువ వస్తే మాత్రం మునుపటిలా తెల్లారేదాకా లెక్కలు వేసుకుంటూ కూర్చోను. పోయినేడు బోనాలకు గడప దాటలేదు. ఈ ఆషాఢంలో అత్తయ్య బోనం ఎత్తుకుంటే, నేను వేపకొమ్మలు పట్టుకుని పక్కనే గుడిదాకా నడిచాను. దారిలో రెండుసార్లు అరుగుల మీద కూర్చున్నాను. ఆమె బోనంతోనే నిలబడి నా కోసం ఆగారు.