అరుణాచలంలో కుబేరుడి దగ్గరే క్యూ

దర్శిస్తే చిదంబరం, పుడితే తిరువారూరు, పోతే కాశీ. అరుణాచలం విషయంలో మాత్రం తలచుకుంటే చాలు, ముక్తి ఖాయమని శ్లోకం. ఇంత సులువైన మోక్షం ఇంకెక్కడా లేదు. అయినా మనవాళ్లెవరూ ఇంట్లో కూర్చుని తలచుకోరు. పౌర్ణమి వస్తే రెండు తెలుగు రాష్ట్రాల ఆర్టీసీలూ స్పెషల్ బస్సులు నడపాల్సిందే. ఖర్చు లేని మోక్షం మీద మనకు నమ్మకం తక్కువ. ఆ రద్దీకి జడిసి మా బృందం మామూలు వారాంతంలో బయలుదేరింది. అందరూ అలాగే జడిసినట్టున్నారు, అక్కడికి వెళ్లి చూస్తే జనమే జనం.

తిరువణ్ణామలైలో దిగాక తమిళనాడుకు వచ్చామని గుర్తు చేసుకోవాల్సి వచ్చింది. హోటల్ బోర్డులు తెలుగులో, పూలమ్మి బేరం తెలుగులో. గుడి తూర్పున రాజగోపురం పదకొండు అంతస్తులు, 217 అడుగులు. శ్రీకృష్ణదేవరాయలు మొదలుపెట్టాడని చెబుతారు. మా బస్సులో ఒక పెద్దాయన లాడ్జి కుర్రాడికి ఈ చరిత్రంతా వివరించి, చివర్లో గది అద్దె తగ్గించమన్నాడు. కుర్రాడు శ్రద్ధగా విన్నాడు. అద్దె మాత్రం తగ్గించలేదు.

తెల్లవారుజామునే ప్రదక్షిణ మొదలుపెట్టాం. కొండ చుట్టూ పద్నాలుగు కిలోమీటర్లు, చెప్పుల్లేకుండా. కొండ కుడిచేతి వైపు ఉంటుంది, మనుషులు రోడ్డుకు ఎడమ పక్కన నడవాలి. కొండవైపు దేవతలు, సిద్ధులు కనబడకుండా తిరుగుతుంటారట. వాళ్లకు వదిలిన ఆ దారిలో ఆటోలు హారన్ కొట్టుకుంటూ పోతున్నాయి. నిండు నెలల రాణి ఎంత నెమ్మదిగా నడుస్తుందో అంత నెమ్మదిగా నడవాలని ఇంకో మాట. మాతో వచ్చిన కుర్రాళ్లు మూడు గంటల్లోపు ముగించాలని పందెం కాశారు. ఫోన్‌లో అడుగుల లెక్క చూసుకోవడంలో పడి వాళ్లు కొండ వైపు తల తిప్పిందే తక్కువ.

దారిలో రమణాశ్రమం. పదహారేళ్ల వయసులో, 1896లో, ఈ కొండ దగ్గరికి వచ్చిన మనిషి 1950లో దేహం వదిలేదాకా ఈ చోటు విడిచి వెళ్లలేదు. మేము అక్కడ గడిపింది పావుగంట. అందులో సగం, బాత్రూమ్ ఎటు అని వెతకడానికే సరిపోయింది.

ఎనిమిది దిక్కులకూ ఎనిమిది లింగాలు. మనుషుల్ని చదవాలంటే ఇంతకంటే మంచి దారి లేదు. యమలింగం దగ్గర అందరూ నిలబడే దండం పెట్టి, ఏదో పని ఉన్నట్టు కదిలిపోయారు. వాయువుకు, వరుణుడికి ఓ నమస్కారం పడేశారు. కుబేరలింగం దగ్గరికి వచ్చేసరికి క్యూ రోడ్డు దాకా ఉంది. అప్పటిదాకా మోకాళ్లు పట్టేశాయన్న వాళ్లు కూడా హుషారుగా వెళ్లి నిలబడ్డారు. శివుడు బూడిద పూసుకుని తిరిగే దేవుడు, ఆయన ఊళ్లో ఈ రద్దీ ఏమిటని నవ్వుకున్నాను. క్యూలోనే నిలబడి నవ్వుకున్నాను లెండి. హోమ్‌లోన్ ఉన్నవాడికి వైరాగ్యం అంత తేలిగ్గా రాదు.

ఆ క్యూలోనే మా పెద్దాయన పిల్లలకు స్థలపురాణం చెప్పాడు, బాగానే చెప్పాడు. బ్రహ్మకూ విష్ణువుకూ ఎవరు గొప్ప అని తగువు. మధ్యలో శివుడు అగ్నిస్తంభంగా లేచాడు. మొదలు కనబడలేదని విష్ణువు ఒప్పుకున్నాడు. బ్రహ్మ మాత్రం శిఖరం చూశానన్నాడు, మొగలిపువ్వు చేత సాక్ష్యం చెప్పించాడు. ఫలితం, బ్రహ్మకు పూజ లేదు, మొగలిపువ్వు శివపూజకు పనికిరాదు. ఆ స్తంభమే ఈ కొండ. “అందుకే దేవుడి దగ్గర అబద్ధం ఆడకూడదు” అని ముగించాడు. పిల్లలు తలూపారు. నైరుతి లింగం దాటిన దగ్గర్నుంచి ఆయన నాకు కనబడలేదు. కుబేరలింగం దగ్గర మా అందరికంటే ముందు క్యూలో ఉన్నాడు, పాదాలకు దుమ్ము కూడా లేకుండా. నేనేమీ అనలేదు. అరవై దాటిన మోకాళ్లు, ఆ మాత్రం మినహాయింపు శివుడే ఇస్తాడు.

తిరుగు ప్రయాణంలో ఆయన హైదరాబాద్‌లో ఉన్న తమ్ముడికి ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడు, బస్సంతా వినాలని కాబోలు. “పద్నాలుగు కిలోమీటర్లురా, ఒట్టి కాళ్లతో! మీ వదిన కూడా ఎక్కడా ఆగలేదు. కావాలంటే అడుగు” అని ఫోన్ ఆవిడ చేతికిచ్చాడు.

ఆవిడ ఫోన్ అందుకుని, “అవును మరిదిగారూ, ఎక్కడా ఆగలేదు” అంది. ఆ వెంటనే, “మీరొచ్చినప్పుడు మాత్రం ఆటో ముందే బేరమాడుకోండి, మా దగ్గర బాగా ఎక్కువ లాగాడు” అంది.